ఎరువిచ్చిన డ్రమ్ము

ఆ రోజు ఆమె అన్నది ఏ ఎరువు?

తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఎరువంటే మొక్కలకు వేసేది. అది అందరికీ తెలుసు. ఎరువంటే కొన్నాళ్ళు వాడుకుని తిరిగి ఇచ్చేయాల్సిన వస్తువు కూడా. ఆ రెండో అర్థం తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు గాని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మొకటి నా బాల్కనీలో దింపించి, మూత మీద అరచెయ్యి ఆనించి, "మాస్టారూ, ఇది మీకు ఎరువిస్తున్నా" అంది. నేను "సరేనమ్మా" అన్నాను. ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. అనుమానం వచ్చిన మాట పక్కన గీత గీసి ప్రశ్నార్థకం పెట్టడమే నా ఉద్యోగం. ఆ మాట పక్కన మాత్రం పెట్టలేదు.

ఇప్పుడు అడుగుదామంటే ఆమె ఈ చుట్టుపక్కల లేదు. ఆమె చదివే మా వీధి నీళ్ళ మీటర్లు ఇప్పుడు వేరే అతను చదువుతున్నాడు. "ఆవిడ బీటు మార్పించుకుందండీ" అన్నాడు. వాళ్ళ ఆఫీసు గేటు దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఏదో పని గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగి వచ్చేశాను.

మా భవనంలో అందరూ ఆమెను మీటరమ్మ అనేవాళ్ళు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివే పని. మాది మూడంతస్తుల భవనం. నేను రెండో అంతస్తు. డాబా మీద రేకుల గది ఒకటి ఖాళీగా ఉండేది. ఆ గదిలోకి ఆమె దిగిన రోజు బాగా గుర్తు. సామాను బండి వచ్చి ఆగింది. మామూలుగా మంచమో పొయ్యో ముందు దిగుతుంది. అందులోంచి ముందు దిగింది చుట్టూ చిల్లులు పెట్టిన ఒక నీలం డ్రమ్ము. ఇద్దరు మనుషులు దాన్ని మెట్ల మీద ఎక్కిస్తూ మా గుమ్మం ముందు ఆగి రొప్పుతున్నారు.

"ఏం పెట్టావమ్మా ఇందులో? శవాన్నా?" అన్నాడొకడు.

"బతికున్నవే. బోలెడు. కుదపకుండా ఎక్కించండి" అంది వెనక వస్తున్న ఆమె.

ఆమె వెనక ఒక ముసలావిడ, మెట్టుకొకసారి కూచుంటూ. కోడలి భర్త పోయి పన్నెండేళ్ళయినా అత్తాకోడళ్ళు విడిపోలేదట. ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో వాళ్ళ మాటల్ని బట్టి చెప్పడం కష్టం.

"నన్ను ఆఖర్న ఎక్కించండి నాయనా" అంది ముసలావిడ నావైపు చూస్తూ. "ముందు చెత్త ఎక్కాలి, తర్వాత అత్త. మా కోడలి లెక్క అది."

"అత్త నడవగలదు. డ్రమ్ము నడవలేదు" అంది కోడలు.

తలుపు తీసి చూస్తున్న నన్ను నవ్వించడానికే అలా అంటున్నారని అప్పుడు అనుకున్నాను. రోజంతా వాళ్ళు అలాగే మాట్లాడుకుంటారని తర్వాత తెలిసింది.

డ్రమ్ములో ఉన్నది ఇంట్లో మిగిలే తొక్కలు, కాడలు, వాడిన టీపొడి, ఎండుటాకులు మగ్గి మట్టయినది. పదకొండేళ్ళ కిందట మొదలుపెట్టిందట. అది ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. కింద మగ్గినది తీసి కుండీలకు వాడుకుంటుంది, పైన కొత్తది వేస్తుంది. పాలకు తోడు వేసినట్టు పాతది నాలుగు దోసిళ్ళు ఎప్పుడూ లోపల ఉంచుతుంది. ఆ తోడు పోయిందా, మళ్ళీ మొదటికే.

"పదకొండేళ్ళలో ఏడిళ్ళు మారాం మాస్టారూ. ఇళ్ళు ఏడు, మట్టి ఒకటి" అంది ఒకసారి. "మూడిళ్ళు డ్రమ్ము వల్ల పోయాయి, రెండు మా అత్త నోటి వల్ల, రెండు నా కాళ్ళ వల్ల."

"కాళ్ళేం చేశాయి?"

"నిలవవు. ఏడాది దాటితే ఆ గోడలు చూళ్ళేను. దీన్ని ఎక్కడో ఒకచోట నేల మీద కుమ్మరించే రోజు రావాలి. డబ్బాల్లో కాదు, నేలలో. ఆ రోజు ఆగుతా. అందాకా నేనూ ఇదీ ఇలా బండెక్కి తిరగాల్సిందే."

నిలవని కాళ్ళన్న మాట నిజం. నా ఇంట్లో ఆమె ఎప్పుడూ కుర్చీలో కూచోలేదు. గుమ్మానికి ఒక భుజం ఆనించి, ఒక కాలి మీద బరువు మోపి, అది నొప్పి పుడితే రెండో కాలి మీదికి మారి మాట్లాడేది. మాట మధ్యలో బాల్కనీలోకి వెళ్ళి వచ్చేది. పొద్దున్నించి సాయంత్రం దాకా వీధులు తిరిగి వచ్చిన మనిషి కూలబడాలి కదా, కూలబడేది కాదు. నాలుగు మాటలై, హఠాత్తుగా "వస్తా మాస్టారూ" అనేసి మెట్లెక్కిపోయేది. ఆమె వెళ్ళాక కాసేపు నాకూ కూచోబుద్ధయ్యేది కాదు. చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని గదిలో ఇటూ అటూ తిరిగేవాణ్ణి.

ఒక సాయంత్రం డాబా మీద నుంచి పెద్ద కేక. నేను వెళ్ళేసరికి ముసలావిడ గది గుమ్మంలో చతికిలబడి ఉంది. ఎదురుగా కోడలి టిఫిన్ డబ్బా, మూత తీసి. అందులో తడి ఆకుల మధ్య వానపాములు కదులుతున్నాయి.

"తిన్నావో లేదోనని తీసి చూశానే! ఏం తింటున్నావే నువ్వు?"

"తినేది నేను కాదత్తా, అవి. ఏది పెట్టినా తింటాయి. నీలా వంకలు పెట్టవు."

"మాస్టారూ, మీరే చెప్పండి, రేపు ఆ డబ్బాలోనే కదా నాకు ఉప్మా పెడుతుంది!"

నీళ్ళ మీటర్లు నేలలో చిన్న గుంటల్లో ఉంటాయి, మీద ఇనప మూత. కొక్కెంతో మూత ఎత్తి, అద్దం మీద బురద తుడిచి, అంకెలు రాసుకోవాలి. ఆ చీకటి గుంటల్లో చెమ్మకి వానపాములు చేరతాయట. రోజుకు నూటయాభై మూతలు ఎత్తే మనిషికి వానపాములకు కొదవేముంది? అందరూ అంకెలు రాసుకుని మూత వేసేస్తారు. ఈమె మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేసుకుని, సాయంత్రం నింపుకుని వచ్చేది.

ఏడాది తిరిగేసరికి డాబా చూడటానికి మేం పనిగట్టుకుని ఎక్కేవాళ్ళం. రంగు డబ్బాల్లో వంకాయలు, పగిలిన సింకులో కొత్తిమీర, చక్రం ఊడిన సూట్‌కేసులో గోంగూర, బట్టలారేసే తీగ మీద సొరపాదు. ముసలావిడ చీర ఒకవైపు, సొరకాయ ఒకవైపు వేలాడేవి. కూరగాయల బండి పిలవకుండా ఒక నెల గడపాలని కోడలు పంతం పట్టింది. ఇరవై రెండు రోజులు గడిపింది. ఇరవై మూడో రోజు అత్తగారి దిండు కింద ఉల్లిపాయలు దొరికాయి.

"కొన్నావా?"

"కొనలేదు. మూడో అంతస్తు టీచరమ్మ ఇచ్చింది."

"అడిగావా?"

"ఉల్లిపాయ అని పైకి అన్నాను. ఆవిడకి వినపడింది. నా తప్పా?"

నా అటక మీద పాత ప్రూఫు కాగితాల కట్టలుండేవి. ఎందుకు దాచానో చెప్పలేను. పారేయడానికి చేతులు రాలేదు, అంతే. ఆ వానాకాలంలో ఒకరోజు ఆమె గుమ్మంలో నిలబడి అటక వంక చూసింది.

"తడికి రెండింతలు పొడి పడాలి మాస్టారూ, లేకపోతే వాసన. ఎండుటాకులన్నీ తడిసిపోయాయి. ఆ కాగితాలు ఇవ్వరాదూ?"

ఇచ్చాను. మెట్ల మీదే నిలబడి పీలికలు చేయడం మొదలుపెట్టింది. ఎర్ర సిరా గీతలు చూసి ఆగింది. "ఇవన్నీ తప్పులా?"

"తప్పులు, పక్కన దిద్దుబాట్లు."

"రెండూ మగ్గుతాయిలెండి. ఆర్నెల్లు పోతే ఏది ఏదో మీరే చెప్పలేరు."

బదులుగా అన్నట్టు నా పుస్తకాలు తీసుకెళ్ళేది. మొదటిసారి ఒక లావుపాటి నవల వెన్ను మీద వేలు పెట్టి, "ఇది ఎరువిస్తారా?" అంది. ఆ మాట ఒకరి నోట విని ఎన్నేళ్ళయిందో.

"నీకెలా తెలుసమ్మా ఈ మాట?"

"మా అమ్మమ్మ మాట. జల్లెడ ఎరువిచ్చేది, నిచ్చెన ఎరువిచ్చేది. ఎరువిచ్చింది వెనక్కి రావాలి, లేకపోతే వాళ్ళ గుమ్మం ముందు కూచునేది."

"మరి డ్రమ్ములో ఉన్న ఎరువు?"

"అదీ అంతేగా! మొక్కకి ఇస్తాం, మొక్క మనకి తిరిగిస్తుంది. ఒకటే మాట కాదా?"

కాదన్నాను. నిఘంటువు తీసి రెండర్థాలూ విడివిడిగా చూపించాను. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ శ్రద్ధగా చూసింది.

"మీకు రెండు. నాకు ఒకటే సరిపోతుందిలెండి" అని నవల చంకన పెట్టుకుంది. "మా అత్త ముందు మాత్రం అనను. ఎరువంటే చాలు ముక్కు మూసుకుంటుంది, పుస్తకమైనా సరే. వస్తా మాస్టారూ."

మూడో ఏడు వానలకు మూడో అంతస్తు కప్పు కారింది. టీచరమ్మ వంటింట్లో గిన్నెలు పరిచింది. అద్దెలు తీసుకునే ఇంటాయన మెత్తటి మనిషి. ఒకటికి రెండుసార్లు డాబా ఎక్కి దిగి, చివరికి నోరు విప్పాడు. "ఏమీ అనుకోకమ్మా. డాబా అంతా తవ్వి మళ్ళీ వేయించాలి. పది రోజుల్లో మొత్తం ఖాళీ చేయాలి. గది కూడా." కారిన చోట పైన ఆమె కుండీలు లేవు, పాత గొట్టం ఉంది. అది ఇంటాయనకీ తెలుసు. తెలిసినా డాబా తవ్వక తప్పదు.

ఆ పది రోజులూ భవనంలో ఎవరికీ నిలకడ లేదు. పైన సామాను జరుపుతున్న చప్పుడు. ఆమె పనికి వెళ్ళేముందు రెండిళ్ళు, వచ్చాక రెండిళ్ళు చూసి వచ్చేది. ఏడోరోజు మా గుమ్మంలో ఆగింది.

"ఈసారి నా కాళ్ళు కాదు మాస్టారూ. ఈసారి ఉందామనే అనుకున్నా."

చివరికి దొరికింది ఒక గోడౌను వెనక ఒంటి గది. కిటికీ తీస్తే చేతికి అందేంత దూరంలో గోడ. కుండీకి చోటు లేదు, ఎండ లేదు. మొక్కలు అంతస్తుకు కొన్ని పంచింది. సొరపాదు తీగ మీదే వాడిపోయింది. ఇక డ్రమ్ము. అది ఎనిమిదోసారి బండెక్కలేదు. రెండు మెట్ల వరసలు దిగి నా బాల్కనీలోకి వచ్చింది. మూత మీద చెయ్యి ఆనించి ఆ మాట అంది. కింద బండి మీద మంచం పక్కన కూచున్న ముసలావిడ అరుస్తోంది: "ఈసారైనా నన్ను ముందు ఎక్కించావు, అంతే చాలు, రా!"

"వస్తా మాస్టారూ" అంది.

"మంచిదమ్మా" అన్నాను.

బండి కదిలాక వచ్చి డ్రమ్ము మూత తీసి చూశాను. నల్లగా, వెచ్చగా ఉంది. ఏదో మెల్లగా కదులుతోంది. మూత పెట్టేశాను. గంటకి మళ్ళీ తీశాను.

అలా మొదలైంది. కూరగాయల తొక్కలు వేస్తే తడి ఎక్కువైందేమోనని భయం. కాగితాలు వేస్తే ఎండిందేమోనని భయం. పిడికిట పట్టి పిండితే నీళ్ళు కారకూడదు, ముద్ద విడిపోకూడదు అని చెప్పింది. రోజుకు నాలుగుసార్లు పిండేవాణ్ణి. చిన్న చిన్న ఈగలు లేచేవి. పుస్తకం చదువుతుంటే ముక్కు దగ్గర వాసన వచ్చినట్టుండేది. లేచి వెళ్తే ఏమీ ఉండేది కాదు. పక్కింటివాళ్ళు కిటికీ మూస్తే నా వల్లే మూశారనుకునేవాణ్ణి. ఒంటరిగా, చప్పుడు లేకుండా బతకడానికి అలవాటుపడ్డ ఇంట్లో ఇంకో ప్రాణం చేరింది. దానికి ఆకలేస్తోందో, అజీర్తి చేసిందో తెలియదు.

మూడో నెలలో టీచరమ్మ వచ్చింది. మీటరమ్మ ఇచ్చిన వంగమొక్క పసుపెక్కిందట. "మాస్టారూ, మీ దగ్గర ఆ మట్టి ఉందటగా, రెండు దోసిళ్ళు ఇవ్వండి." ఇచ్చాను. వారానికి వంగ ఆకు మళ్ళీ పచ్చబడింది. టీచరమ్మ మెట్ల మీద అందరికీ చెప్పింది. గిన్నె పట్టుకుని ఒకరు, పాత బకెట్టు పట్టుకుని ఒకరు. నేను జల్లెడ పట్టి ఇస్తుండేవాణ్ణి. మెట్ల వరసంతా కుండీలు వెలిశాయి. ఇన్నేళ్ళలో నా తలుపు అన్నిసార్లు ఎవరూ తట్టలేదు. నాకు బాగానే అనిపించింది, దాచడమెందుకు?

అడుగు కనబడుతున్న రోజు జల్లెడ చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. ఎరువిస్తున్నా అంది కదా, ఏ ఎరువు అన్న ఆలోచన అప్పుడే వచ్చిందా? లేక తర్వాత నేను కల్పించుకుని ఆ క్షణంలో అతికించుకున్నానా? వచ్చి ఉంటే, ఇక మూత తీసి చూసే పని ఉండదన్న నెమ్మది దాన్ని పక్కకు తోసి ఉంటుంది. మిగిలింది కూడా పంచాను. నాలుగు దోసిళ్ళు కూడా ఉంచలేదు. డ్రమ్ము సబ్బుతో కడిగి, చిల్లులకు మైనం పూసి, నీళ్ళు రాని రోజుల కోసం నీళ్ళు నింపి పెట్టుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఐదు నెలలు దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. చంకలో రెండు ఖాళీ గోనెసంచులు, చేతిలో ఆ టిఫిన్ డబ్బా, నా నవల. వస్తూనే కుర్చీ లాక్కుని కూచుంది. ఆమె కూచోవడం నేను చూడటం అదే మొదలు.

"ఇల్లు దొరికింది మాస్టారూ! కింది వాటా. వెనక ఎనిమిది బారల నేల. సిమెంటు కాదు, నేల! ఇంటావిడ ఒక్కతే. ఉన్నన్నాళ్ళు ఉండమంది. మా అత్తకీ ఆవిడకీ రోజూ పోట్లాటే. ఇద్దరికీ మహా సంతోషంగా ఉంది. నన్నిక కదిలించకే, కదిలిస్తే నేను రాను అంటోంది అత్త."

"మంచి మాట చెప్పావమ్మా" అన్నాను.

"నేల మాత్రం చచ్చిపోయి ఉంది. ఇటుక ముక్కలు, సున్నం. మోకాలు లోతు తవ్వాను, ఒక్క పురుగు లేదు. అందుకే మన డ్రమ్ముకోసం వచ్చా. మొత్తం కుమ్మరించేస్తా. ఇక డబ్బాల్లో ఉంచను దాన్ని." అంటూనే లేచి బాల్కనీలోకి నడిచింది.

ఆపాలనుకున్నాను. వెనకే నడిచాను. మూత ఎత్తింది. నీళ్ళలో ఆమె ముఖం, పైన కొంచెం ఆకాశం. వేళ్ళు ముంచి పైకి తీసింది, అవి నిజంగా నీళ్ళేనా అన్నట్టు.

"పంచేశానమ్మా. అందరూ అడిగారు. నువ్వు ఎరువిస్తున్నా అన్నావు కదా."

"అన్నాను" అంది.

తడి వేళ్ళు చీరకు తుడుచుకుంది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారింది.

"మెట్ల మీద కుండీలన్నీ అవేనా?"

"అవే."

"పచ్చగా ఉన్నాయనుకున్నా వస్తూ. మనదని అనుకోలేదు."

"ఉండమ్మా, ప్రతి కుండీలోంచీ ఒక పిడికెడు తీద్దాం. ఎవరూ కాదనరు. సంచి నిండుతుంది. చిన్న పార తెస్తా, ఒక్క నిమిషం."

పార ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. వంటగదిలో చూశాను, మంచం కింద చూశాను, ఖాళీ అయిన అటక మీద చూశాను. స్నానాల గది మూలలో దొరికింది. పట్టుకుని వచ్చేసరికి బాల్కనీలో ఎవరూ లేరు. డ్రమ్ము మూత పెట్టి ఉంది. మూత మీద నా నవల, అంచులు నలగకుండా.

"అమ్మాయ్!" అని పిలుస్తూ మెట్లు దిగాను. ప్రతి కుండీలోనూ మొక్క మొదట్లో వేలు దించిన గుంట ఉంది, ఇంకా చెమ్మగా. తడి చూసి వదిలిందో, చిటికెడు తీసుకుందో. పార చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చాను. ఆమె అప్పటికే చివరి ఇల్లు దాటుతోంది. ఖాళీ సంచులు ఒక చంకలో, డబ్బా ఇంకో చేతిలో. నూటయాభై మూతలు ఎత్తాల్సిన రోజు నడిచే నడక అది. ఎన్నిసార్లు వచ్చినా గడప దాటేముందు "వస్తా మాస్టారూ" అనేది. నేను పార వెతుకుతుంటే అని ఉంటుంది, నాకు వినబడి ఉండదు అనుకుంటూ నిలబడ్డాను. ఆమె మలుపు తిరిగింది.